గడప పిలుపు

నా గొంతు విని నాకు నౌకరీ ఇచ్చారు. చదువు చూసి ఇవ్వడానికి అక్కడేమీ లేదు, పదో తరగతి రెండుసార్లు తప్పినవాణ్ణి. మా చర్చిలో ఆదివారం పాట ఎత్తుకునేది మాత్రం నేనే. డెబ్బైలలో వరంగల్లో ఒక మున్సిఫ్ కోర్టులో జవాను, అంటే బంట్రోతు, ఖాళీ ఉందని ఎవరో చెబితే వెళ్లాను. ఏ కోర్టో చెప్పను, ఎవరి పేర్లూ రాయను. అప్పటివాళ్లు కొందరు పోయారు, కొందరి మనవలు ఇప్పుడు నల్లకోటు వేసుకుని తిరుగుతున్నారు. ఆ రోజు అక్కడి పెద్ద గుమాస్తా నన్ను వరండాలో నిలబెట్టి, "ఏదీ, నీ పేరు నువ్వే పిలువు" అన్నాడు. పిలిచాను. రోడ్డవతల చాయ తాగుతున్నవాళ్లు తలలు తిప్పి చూశారు. "చాలు. గీ గొంతు నడుస్తది" అన్నాడాయన.

ఇప్పుడు కోర్టుల్లో చేరుతున్న పిల్లలకు ఈ పని విలువ తెలియదు. గోడకు తెర పెట్టి నెంబర్లు చూపిస్తున్నారట, కొన్నిచోట్ల మైకు కూడా ఉందట. మంచిదే. మా కాలంలో కోర్టుకూ జనానికీ మధ్య ఉన్నది జవాను గొంతొక్కటే. లోపల పెద్ద గుమాస్తా కేసు నెంబరు చదవగానే నేను వరండాలోకి వచ్చి వాది పేరు, ప్రతివాది పేరు మూడేసిసార్లు పిలవాలి. పిలుపుకూ పిలుపుకూ మధ్య, చాయ తాగుతున్న మనిషి కప్పు కింద పెట్టి పరుగెత్తుకొచ్చేంత వ్యవధి ఉండాలని నాకు పని నేర్పిన ముసలి జవాను చెప్పాడు. మూడోసారికీ రాకపోతే కాగితం మీద ఒక వాక్యం పడుతుంది. మూడుసార్లు పిలిచినా హాజరు కాలేదు. ఆ వాక్యం పడ్డాక ఆ మనిషి గేటు దగ్గర నిలబడి ఉన్నా సరే, కోర్టుకు మాత్రం లేనట్టే.

అదే ముసలి జవాను నాకు ఇంకొకటి కూడా నేర్పాడు. దాన్ని మాలో మేము గడప పిలుపు అనుకునేవాళ్లం. రోజుకు అరవై, డెబ్బై కేసులుంటాయి. వాటిలో సగం వాయిదా పడేవే. ఇద్దరు వకీళ్లూ ముందే మాట్లాడుకుని ఉంటారు, పార్టీలు, అంటే కేసున్నవాళ్లు, తమ ఊళ్లలోనే ఉంటారు. అలాంటి వాటికి వరండా దాకా వెళ్లి గొంతు చించుకోవడం దేనికి? గడప మీద నిలబడి, ముఖం గోడవైపు పెట్టి, ఒకే ఊపిరిలో మూడుసార్లు పేరు గొణిగి వెనక్కి తిరగడమే. వకీలు కళ్లద్దాలు సవరించుకున్నాడంటేనో, చిన్నగా తల అడ్డంగా ఊపాడంటేనో, "రాలేదులే, కానియ్" అని అర్థం. అందరికీ తెలిసిన పద్ధతి. జడ్జిలకు కూడా తెలుసని నా అనుమానం. టైం మిగులుతుంది కదా, ఎవరూ అడగలేదు.

మా కోర్టుకు వచ్చే వకీళ్లలో ఒకాయన అంటే నాకు ప్రాణం. మనిషి ఎప్పుడూ నవ్వు ముఖం. గుమాస్తాలను అన్నా అనేవాడు, నన్ను భాయీ అనేవాడు. మా అమ్మకు ఊపిరి ఆడక దవాఖానకు తీసుకెళితే వరండాలో నేల మీద పడుకోబెట్టారు. ఈయన ఎవరితోనో ఒక్క మాట చెప్పి ఆమెకు మంచం ఇప్పించాడు. అమ్మ అక్కడున్న రెండు వారాల్లో ఒకసారి వచ్చి పలకరించి కూడా పోయాడు. ఇలాంటి మనిషి తప్పు చేస్తాడని ఎవరైనా అంటే నేను కొట్లాటకు పోయేవాణ్ణి.

ఆయన దగ్గర ఒక నేతపని ఆమె కేసు ఉండేది. జంపఖానాలు నేసే ఇల్లు వాళ్లది. భర్త పోయాడు, పిల్లలు లేరు. రెండు గదుల పెంకుటిల్లు, ముందు గదిలో మగ్గం. భర్త బతికుండగానే ఆ ఇల్లు తనకు అమ్మాడని భర్త అన్న ఒక కాగితం తెచ్చి దావా వేశాడు. ఆమె ప్రతి వాయిదాకూ పొద్దున్నే వచ్చి, కోర్టు తలుపులు తీయకముందే వరండా మెట్ల మీద కూర్చునేది. తలుపులు తీసేది నేనే కాబట్టి నాతో నాలుగు మాటలు మాట్లాడేది.

"గా కాయితం మీద ఏలిముద్ర ఉన్నది తమ్మీ. మా ఆయన సంతకం చేస్తుండె. నేతోళ్ల సంఘంల ఆయన సంతకాలు చేసిన పుస్తకమే ఉన్నది నా దగ్గర. అది వకీల్‌సాబ్‌కిచ్చిన, కోర్టుల పెట్టిండు."

"అట్లయితే నీకేం ఫికర్ లేదక్కా. ఆ పుస్తకం జడ్జి సాబ్ చూస్తే అయిపాయె" అన్నాను. నాకు తెలిసిన న్యాయశాస్త్రం అంతే, కానీ ఆ మాటలో తప్పేమీ లేదు. ఆ పుస్తకం ఒక్కసారి తెరిచి చూస్తే ఆ దావా అక్కడే కూలిపోయేది. ఆమెకు కావలసింది ఎవరో ఒకరు తన మాట వినడం, అంతే.

"నాకు మాటలు రావు. ఆయనకు అన్ని చెప్పిన. మంచోడు, అక్కా అని పిలుస్తడు" అంది ఆమె తన వకీలు గురించి. నేను కూడా అవునన్నాను.

ఎండాకాలం సెలవులకు నాలుగు రోజుల ముందు ఆ కేసు వచ్చింది. సాక్ష్యాలు మొదలు కావలసిన రోజు. లోపల మొదటి వరుసలో ఆమె బావ ఇస్త్రీ చొక్కా వేసుకుని కూర్చున్నాడు, పక్కన ఇద్దరు సాక్షులు. పొద్దున ఆమెను నేను చూశాను కానీ, కేసు వచ్చేసరికి వరండాలో లేదు. పెద్ద గుమాస్తా నెంబరు చదివాడు. నా అభిమాన వకీలు లేచి నిలబడి, "నో ఇన్‌స్ట్రక్షన్స్ సార్" అన్నాడు.

ఈ మాట కోర్టుల్లో చేరిన మీరు కూడా వింటూనే ఉంటారు. నా పార్టీ నన్ను కలవడం లేదు, ఏం చెప్పాలో నాకు చెప్పలేదు, కాబట్టి నేను తప్పుకుంటున్నాను అని వకీలు చెప్పడం. చెప్పినవాడిని ఎందుకు, ఎప్పటినుంచి అని అడిగే అలవాటు అప్పుడు లేదు. ఇప్పుడుందేమో నాకు తెలియదు. జడ్జిగారు తలెత్తకుండానే "పార్టీని పిలవండి" అన్నారు.

నేను తలుపు వైపు నడిచాను. వకీలు నావైపు చూసి కళ్లద్దాలు తీశాడు. కోటు అంచుతో తుడుచుకుంటూ తల అడ్డంగా ఊపాడు. రాలేదులే, కానియ్.

నేను గడప మీద ఆగాను. గోడవైపు ముఖం పెట్టి ఆమె పేరు మూడుసార్లు అనేసి వెనక్కి తిరిగాను. నా మాట మూడో వరుసలో కూర్చున్నవాడికి కూడా వినిపించి ఉండదు. పెద్ద గుమాస్తా చేయి అప్పటికే ఆ వాక్యం రాస్తోంది. అరగంటలో బావ సాక్ష్యం, వెంట వచ్చిన ఇద్దరి సాక్ష్యం అయిపోయాయి. అవతలివాళ్లు లేరు కాబట్టి అడ్డు ప్రశ్నలు లేవు. తీర్పు నాలుగున్నరకు చెబుతానని జడ్జిగారు లేచారు.

ఒంటిగంటకు చాయకని రోడ్డు దాటాను. స్టాంపులు అమ్మే ఆయన రేకుల షెడ్డు కింద, టైపు మిషన్ల పక్కన, ఆమె సద్దిమూట ఒళ్లో పెట్టుకుని కూర్చుని ఉంది. నన్ను చూసి లేచింది.

"తమ్మీ, నా పేరు ఇంక రాలేదా? వకీల్‌సాబ్ ఈన్నే కూసో, నీ వంతు రాంగనే మనిషిని తోలిస్త అన్నడు. పొద్దట్నుంచి కూసున్న."

ఆ క్షణంలో నాకు మొత్తం అర్థమైంది. అర్థం కాలేదని ఇప్పుడు బుకాయించను. నాలుగున్నర దాకా సమయం ఉంది. ఆమె చేయి పట్టుకుని జడ్జిగారి ఎదుట నిలబెట్టి, "సార్, ఈమె పొద్దట్నుంచి ఇక్కడే ఉంది, నేనే సరిగ్గా పిలవలేదు" అంటే నాకు తిట్లు పడేవి. ఆమె ఇల్లు నిలిచేది. అంత చిన్న పని అది.

"వకీల్‌సాబ్‌నడుగక్కా" అన్నాను. అని చాయ తాగకుండానే వెనక్కి వచ్చాను.

సాయంత్రం కిటికీలు మూసి గేటు దాకా వచ్చాను. వకీలు రోడ్డు దాటి షెడ్డు దగ్గరికి వెళ్లాడు. "వాయిదా పడ్డదక్కా. సెలవులయినంక పెడ్తరు. నువ్వు ఊకె తిరుగకు, నేనే కబురు చేస్త" అనడం నాకు వినిపించింది. ఆమె ఆయనకు రెండు చేతులెత్తి దండం పెట్టి వెళ్లిపోయింది.

కబురు రాలేదు. వానలు పడ్డాక కోర్టు నోటీసు వచ్చింది, ఇల్లు ఖాళీ చేయమని. అప్పుడు ఆమె ఆ కాగితం పట్టుకుని మా కోర్టులోనే ఒక ముసలి వకీలు దగ్గరికి వెళ్లింది. ఆయన బక్కపలచటి మనిషి, కోటు మోచేతుల దగ్గర వెలిసిపోయి ఉండేది. గుమాస్తాలకు ఆయనంటే విసుగు, ఎందుకంటే ఏ కాగితం ఇచ్చినా చివరిదాకా చదివేవాడు. ఆయన ఆ తీర్పు కొట్టేసి కేసు మళ్లీ వినమని అర్జీ పెట్టాడు. గడువు దాటింది కాబట్టి ఆలస్యం మన్నించమని ఇంకొకటి. ఆమె ఆ రోజు కోర్టు ఎదుటే ఉంది, ఆమెను పిలవలేదు, ఆమె వకీలే మోసం చేశాడు అని సూటిగా రాశాడు.

మొదటి వకీలు దానికి జవాబుగా ప్రమాణపత్రం వేశాడు. ఆమె నెలల తరబడి తనను కలవలేదని, వాయిదా తేదీ తెలుపుతూ తాను ఉత్తరం కూడా రాశానని అన్నాడు. రుజువుగా పోస్టాఫీసు ముద్ర ఉన్న చిన్న చీటీ పెట్టాడు. ఆమె పేరు మీద ఒక కవరు పోస్టులో వేసినట్టు ఆ చీటీ చెబుతుంది. ఆ కవరులో ఉత్తరముందో, తెల్లకాగితముందో, అసలు ఆమెకు చేరిందో లేదో చీటీ చెప్పదు. కోర్టు అడగలేదు. నల్లకోటు వేసుకున్న మనిషి ప్రమాణం చేసి చెబితే ఇంకా అడిగేదేముంటుంది?

షెడ్డు కిందివాళ్లు వకీళ్ల మీద బతికేవాళ్లు, సాక్ష్యానికి రామన్నారు. ఇక మిగిలింది నేనొక్కడినే. జవానును సాక్షిగా పిలవమని ముసలి వకీలు కోరాడు.

ఆ వార్త తెలిసిన రోజు పెద్ద గుమాస్తా నన్ను బీరువాల వెనక్కి తీసుకెళ్లాడు. చెడ్డమనిషి కాదు. నాకు నౌకరీ ఇచ్చినవాడు, నా పెళ్లికి వచ్చి వడ్డన చేసినవాడు. ఆ రోజు గొంతు తగ్గించి అన్నాడు.

"చూడు, పిలిచింది నువ్వు, రాసింది నేను. నువ్వు పిలవలేదంటే నేను అబద్ధం రాసినట్టాయె. నాకింక నాలుగేండ్ల నౌకరి ఉన్నది. నీదింక పక్కా గూడ కాలే. కాయితంల ఏమున్నదో గదే చెప్పి దిగిరా. ఇద్దరం బతుకుతం."

వకీలు మాత్రం నాతో కేసు గురించి ఒక్క ముక్క మాట్లాడలేదు. బెదిరించలేదు, బతిమాలలేదు. వరండాలో ఎదురుపడితే భుజం మీద చేయి వేసి, "అమ్మ మంచిగున్నదా భాయీ?" అన్నాడు. "ఉన్నది సార్" అన్నాను. ఆ చేతిని తీసేయాలని అనిపించింది, తీయలేకపోయాను.

జడ్జిగారు కోస్తా వైపు మనిషి, మా ఊరికి వచ్చి ఏడాది దాటలేదు. సాక్ష్యానికి ముందు రోజు నన్ను తన గదిలోకి పిలిచారు. అలా పిలవకూడదేమో, నాకు తెలియదు.

"ఏమయ్యా, రేపు నువ్వు బోనెక్కాలి. అంతకుముందు నాకొక్క మాట చెప్పు. ఆ రోజు నిజంగా బయటికెళ్లి పిలిచావా?"

"పిలిచిన సార్."

"ఆవిడ అక్కడే ఉన్నానంటోంది."

"నాకు తెల్వది సార్."

ఆయన పెన్ను కింద పెట్టారు. "ఇక్కడ చెబితే ఏదో ఒక దారి చూడొచ్చు. రేపు ప్రమాణం చేశాక నువ్వు చెప్పిందే నాకు వేదం. వెళ్లి ఆలోచించుకో" అన్నారు. ఆలోచించుకోవడానికి ఏమీ లేదు. నేను ఆ రాత్రంతా హాయిగానే నిద్రపోయానని చెబితే మీరు నమ్మరు. భయం ఎక్కువైతే నాకు నిద్ర వస్తుంది.

మా కోర్టులో సాక్షులతో ప్రమాణం చేయించేది నేనే. వాళ్లు బోనెక్కగానే ముందు నేను చెబితే వెనక వాళ్లు చెప్పాలి. ఆ రోజు నాతో చేయించడానికి ఎవరికీ ఆ మాటలు నోటికి రావు. పెద్ద గుమాస్తా కాగితం వెతుకుతుంటే జడ్జిగారు అసహనంగా కదిలారు. నేనే మొదలుపెట్టాను. దేవుని ఎదుట ప్రమాణం చేసి నిజమే చెబుతాను, నిజం తప్ప వేరే చెప్పను. వేలసార్లు ఇతరులతో చెప్పించిన మాటలు, ఎక్కడా తడబడలేదు. వెనక వరుసలో ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని కూర్చుని ఉంది.

ముసలి వకీలు గొంతు పెంచకుండా అడిగాడు.

"ఏడ నిలబడి పిలిచినవు?"

"వరండాల."

"ఎన్నిసార్లు?"

"మూడుసార్లు."

"నీ గొంతు పెద్దదంటరు. రోడ్డవతలికి ఇనవడ్తదా?"

"మంచిగ ఇనవడ్తది సార్." సిగ్గులేని ముచ్చట ఒకటి చెబుతాను, ఆ ఒక్క జవాబు చెప్పేటప్పుడు నాకు కొంచెం గర్వంగా కూడా ఉండింది.

"మరి ఆమె ఆడనే కూసోనుంటె ఆమెకెందుకు ఇనవడలే?"

"నాకెరుక లేదు."

"ఆ దినం చాయకు పోయినప్పుడు ఆమె నిన్ను ఏమన్న అడిగిందా?"

ఆమె కొంగు తీసి ముందుకు వంగింది. నేను నిజం చెబుతానని ఆమె పూర్తిగా నమ్మింది. అది ఆమె ముఖంలో కనబడింది.

"అడగలే" అన్నాను.

ముసలి వకీలు ఇంకో ప్రశ్న వేయలేదు. నన్ను తిట్టనూ లేదు. "సరే నాయినా, దిగు" అన్నాడు.

వారానికి అర్జీ కొట్టేశారు. ఆ ఉత్తర్వును టైపు చేసే ఆయన దగ్గరికి నేనే మోసుకెళ్లాను. జవాను గొంతు రోడ్డవతలికి వినిపించేంత పెద్దదని అర్జీదారు వకీలే సాక్షి చేత చెప్పించారు, కనుక ఆమె అక్కడే ఉండి వినలేదనడం నమ్మదగినది కాదు అని అందులో ఉంది. నాకు అన్నం పెట్టిన గొంతు ఆమె కూడు తీసింది. పై కోర్టుకు వెళదామని ముసలి వకీలు అన్నాడట. ఆమె ఇక చాలంది.

ఇల్లు స్వాధీనం చేయడానికి కోర్టు అమీను వెళుతూ సాయానికి నన్ను రమ్మన్నాడు. తప్పించుకోవాలని చూశాను, కుదరలేదు. బావ ముందే వచ్చి అరుగు మీద కూర్చున్నాడు. తలుపు దగ్గరికి వేసి ఉంది. అమీను నాతో, "ఆమె పేరు పిలువు" అన్నాడు. నేను ఆ ఇంటి గడప ముందు నిలబడి పిలిచాను. పెద్దగా కూడా పిలవలేదు. ఒక్క పిలుపుకే బయటికి వచ్చింది.

బట్టలు, గిన్నెలు అప్పటికే మూట కట్టి పెట్టుకుంది. మగ్గం చెక్కలు విప్పి తాళ్లతో కట్టింది. ఎదురింటివాళ్లు ఇద్దరు వచ్చి వాటిని మోసుకెళ్లారు. గది నడుమ, నేసేటప్పుడు కాళ్లు పెట్టుకునే గుంట మిగిలింది. దాని అంచులు నున్నగా అరిగి ఉన్నాయి. "మా అత్త కాలంది. గుంటనెట్ల ఎత్తుకపోను?" అంది ఆమె, ఎవరితో అన్నదో తెలియలేదు. బావ ఆ వారంలోనే దాన్ని మట్టితో పూడ్చి సిమెంటు చేయించాడని తర్వాత విన్నాను. ఆ ఆదివారం చర్చిలో పాట ఎత్తుకోమంటే గొంతు బాగాలేదని చెప్పాను.

ముసలి వకీలు అక్కడితో ఆగలేదు. హైదరాబాద్‌లో వకీళ్ల మీద ఫిర్యాదులు వినే పెద్దలకు రాశాడు. చాలా నెలల తర్వాత జవాబు వచ్చింది, ఇన్ని ప్రతులు పంపండి అని. పంపాడు. విచారణ పెట్టారు. మూడుసార్లు ఆమెను వెంటబెట్టుకుని రైలెక్కాడు. మూడుసార్లూ మన నవ్వు ముఖం వకీలు ఒంట్లో బాగాలేదని, చావు మైల అని, ఇంకేదో అని వాయిదా అడిగాడు. ఇచ్చారు. నాలుగోసారికి ముసలాయన మంచంలో ఉన్నాడు, ఆమె ఒక్కతే వెళ్లలేకపోయింది. ఆ రోజు మన వకీలు హాజరయ్యాడు. ఫిర్యాదుదారును పిలిచినా హాజరు కాలేదు కనుక మూసివేయడమైనది అని కాగితం వచ్చింది. అది చూసి ముసలాయన నవ్వాడని ఆయన గుమాస్తా చెప్పాడు. ఆ చలికాలం దాటలేదాయన.

బావ కేసులన్నీ, ఆయన చుట్టాల కేసులతో సహా, తర్వాత మన నవ్వు ముఖం వకీలు చేతికే వచ్చాయి. మొదట ఆయన వాళ్లకు ఎదురు నిలబడిన మనిషి. ఎవరైనా ఆ సంగతి ఎత్తారా? లేదు. కొన్నేళ్లకు సర్కారు వకీలయ్యాడు. ఆపైన వకీళ్ల సంఘానికి పెద్ద అయ్యాడు. ఆయన ఫోటో గోడ మీద ఉండేది, దండ వేసి మరీ. దుమ్ము తుడిచేది మేమే. పెద్ద గుమాస్తా శాలువా కప్పించుకుని రిటైరయ్యాడు. జడ్జిగారికి బదిలీ అయింది. నా నౌకరీ పక్కా అయింది. ఈ మొత్తం వ్యవహారంలో ఏదైనా పోగొట్టుకున్నది ఆమె ఒక్కతే.

నాలో వచ్చిన మార్పు ఒకటుంది. గొప్పగా చెప్పుకునేది కాదు. గడప పిలుపు మానేశాను. ఏ వకీలు ఎన్నిసార్లు కళ్లద్దాలు తుడుచుకున్నా వరండా చివరిదాకా నడిచి, రోడ్డువైపు తిరిగి, మూడుసార్లు ఆగి ఆగి పిలిచేవాణ్ణి. అప్పుడప్పుడు గేటు దాకా వెళ్లి షెడ్డు కింద కూడా చూసి వచ్చేవాణ్ణి. వకీళ్లకు మంట. "ఏంరా భయ్, కోర్టు నడుపుతానవా, జాతర నడుపుతానవా?" అన్నాడొకాయన. మేడారంలో తప్పిపోయినవాళ్లను పిలవడానికి పంపితే సరిపోతానని నవ్వుకునేవారు. కొత్త పెద్ద గుమాస్తా టైం తినేస్తున్నానని రెండుసార్లు పైకి రాశాడు. నాకు బదిలీ కూడా చేశారు, ఏడాదిన్నర తర్వాత మళ్లీ అక్కడికే వచ్చాను. పిల్లలూ, మీరు దీన్ని ప్రాయశ్చిత్తం అనుకుంటారేమో. నేను కూడా చాలాకాలం అలాగే అనుకున్నాను.

ఎనభైలలో ఒక రోజు, మధ్యాహ్నం ముందు, ఎవరి పేరో పిలిచి వరండాలో నిలబడ్డాను. రోడ్డు దాటి ఒకామె మెట్లెక్కి వచ్చింది. జుట్టు తెల్లబడింది, మనిషి సగమైంది. చేతిలో స్టాంపు అంటించిన అర్జీ ఉంది.

"నేతోళ్ల సంఘం పుస్తకం కోర్టుల పడ్డది తమ్మీ. వాపసియ్యుమని రాయించిన. ఆయన సంతకాలు నా దగ్గర అవ్వి తప్ప ఇంకేం లేవు."

ఇప్పుడెక్కడుంటున్నావని అడిగాను. మరమగ్గాల షెడ్డులో దారం కండెలు చుడుతున్నానని, అద్దె గది అని చెప్పింది. నేనే రికార్డు గదికి వెళ్లి కట్ట వెతికించి, సంతకం పెట్టించి ఆ పుస్తకం తెచ్చి ఇచ్చాను. దాన్ని కట్టిన దారం ముడి ఆమె వేసిందే. ఇన్నేళ్లలో ఎవరూ విప్పలేదు.

ఆమె పుస్తకాన్ని కొంగులో చుట్టుకుంది. వెళ్లలేదు.

"ఇప్పుడు నేను గా రేకుల షెడ్డు కింద కూసోని అర్జీ రాయించుకుంటుంటి. నువ్వు ఎవరినో పిలిచినవు. మూడుసార్లు మంచిగ ఇనవడ్డది. అప్పుడు గూడ నేను ఆడనే ఉంటి గద. ఆ దినం నన్ను ఇట్లనే పిలిచినవా తమ్మీ?"

ఎవరికీ చెప్పని మాట నోట్లోంచి వచ్చేసింది. "లేదక్కా. గడప మీద నిలబడి గొణిగిన. నువ్వు నన్ను అడిగింది గూడ నాకు యాదికున్నది. బోన్ల అబద్ధం చెప్పిన."

నాకు ఏడుపొచ్చింది. ఆమె ఏడవలేదు, ఆశ్చర్యపోలేదు.

"నాకెరుకే" అంది. హాలు తలుపు వైపు చూపిస్తూ, "గీ మాట ఇప్పుడు లోపటికచ్చి చెప్తవా?" అంది.

లోపల ఇంకో జడ్జి, ఇంకో గుమాస్తా ఉన్నారు. ఆ తీర్పు మీద గడువులన్నీ ఎప్పుడో దాటిపోయాయి. ముసలి వకీలు లేడు. ప్రమాణం చేసి అబద్ధం చెప్పానని ఒప్పుకుంటే నా నౌకరీ పోతుంది, జైలు కూడా పడవచ్చు. నాకు అప్పటికి ఇద్దరు పిల్లలు. నిమిషంలో ఇన్ని కారణాలు వరసగా వచ్చి నిలబడ్డాయి, అన్నీ నిజమే. ఆమె నా ముఖం చూస్తూ నిలబడింది. పిలుపుకూ పిలుపుకూ మధ్య నేను ఆగే దానికంటే ఎక్కువసేపే నిలబడింది.

అంతలో లోపలి నుంచి గుమాస్తా తర్వాతి కేసు నెంబరు చదివాడు. ఆమె కొంగులోని పుస్తకాన్ని సరిచేసుకుని మెట్లు దిగింది. నేను వరండా చివరికి నడిచి, రోడ్డువైపు తిరిగి, ఎవరో ప్రతివాది పేరు గట్టిగా మూడుసార్లు పిలిచాను. గేటు దగ్గర అందరూ తలలు తిప్పి చూశారు, ఆమె తప్ప.